తాబేలు లేని మూట

"ఏడుపొస్తుందన్నావు కదరా! సరే, ఏడుద్దామనే పెట్టుకున్నాను. ఏదీ తాబేలు? మొదటి నుంచి చివరిదాకా బుస్సు బుస్సుమని ఆవిరి తప్ప ఇంకేమన్నా ఉందా ఇందులో?"

"నువ్వెందుకు విన్నావక్కా అసలు? ఈ వారం వంతు నాది కదా?"

"నీ వంతనే కదరా నమ్మాం! నువ్వు తాబేలన్నావని అందరం తాబేలన్నాం. అత్తయితే రెండు ఏడుపు బొమ్మలు కూడా పెట్టింది."

"మెల్లిగా మాట్లాడండర్రా. ఆయనొచ్చే వేళయింది."

ఆ ఆయన అప్పటికే వచ్చి వంటింటి వెనక మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒక కాలి చెప్పు విప్పాడు. రెండోది ఇంకా కాలికే ఉంది. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. మొదటి గొంతు కూతురిది. ఆదివారం కదా, పుట్టింటికి వచ్చింది. రెండోది పక్కింట్లో ఉండే అన్నగారి కొడుకుది. మెల్లిగా అన్నది భార్య. ముగ్గురూ తన గురించే పోట్లాడుకుంటున్నారని ఆయనకు వెంటనే తెలిసిపోయింది. వంతు అన్న మాటే కొరుకుడు పడలేదు.

"అసలు ఈ వంతుల ఆలోచన ఎవరిది? నీదే కదక్కా?"

"నాదే. వారానికి ఒక్కళ్ళు వింటే చాలు, మిగతావాళ్ళకి ఆ ఇరవై నిమిషాలు మిగులుతాయని పెట్టాను. విన్నవాళ్ళు నాన్న లేని మన గ్రూపులో ఒక్క ముక్క రాస్తారు. అది పట్టుకుని మిగతావాళ్ళం నాన్నకి తలో మంచి మాట పెడతాం. నాన్నకి సంతోషం, మనకి సుఖం. ఎంత చక్కగా నడిచేది! నీ ఒక్కడి ఒళ్ళు బద్ధకానికి అంతా పాడు చేశావు."

మెట్టు మీద మనిషికి తల కొట్టేసినట్టయింది.

ఆయన్ని చుట్టాల్లో అందరూ రేడియో అంటారు. చాటుగా పెట్టిన పేరు కాదు, ఎదురుగానే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు. చిన్నప్పటి నుంచీ నోరు మూతపడని మనిషి. బస్సులో పక్క సీటువాడు కథ మధ్యలో దిగిపోతే, ఆ సీట్లోకి వచ్చినవాడికి అక్కణ్ణుంచే అందుకుని చెప్పే రకం. చదువు పెద్దగా అబ్బలేదు. డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ పని అబ్బింది.

ఆ షాపు ముందు భాగంలో అద్దాలు, లైట్లు, హ్యాంగర్లకి వేలాడే కోట్లు. వెనక గదిలో రేడియో. అక్కడ ఒక మూల బాయిలరు, మధ్యలో ఆవిరి ప్రెస్సు. ప్రెస్సంటే పెద్ద మొసలి నోరు లాంటిది. కింది దవడ మీద బట్ట పరిచి, పైన తడిగుడ్డ వేసి, కుడికాలితో పెడలు తొక్కితే పై దవడ దిగి వస్తుంది. బుస్సుమని ఆవిరి వదులుతుంది. ఎడమ పెడలు తొక్కితే ఆ ఆవిరినంతా తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. రోజంతా ఇదే తొక్కుడు. ఆయన కుడి పిక్క ఎడమ పిక్క కంటే లావు. ప్యాంటు కుట్టించుకునేటప్పుడు దర్జీకి ఆ సంగతి చెప్పి నవ్విస్తాడు.

ఒకప్పుడు ఆ గదిలో రెండు ప్రెస్సులుండేవి, ఎదురెదురుగా. రెండో దాని మీద ఇంకొకాయన పనిచేసేవాడు. ఇంట్లో రేడియో ఆయన్ని ఎప్పుడూ పేరుతో చెప్పలేదు, ఎదురు మిషనాయన అనేవాడు. ఈయన చెప్పేవాడు, ఆయన ఊ కొట్టేవాడు. అంతే వాళ్ళ స్నేహం. పెడలు తొక్కినప్పుడల్లా ఒక ఊ. ఆవిరి లేచి ముఖాలు కనపడకపోయినా అవతల నుంచి ఊ వినపడేది. ఇరవై ఏళ్ళు ఆ ఊ మీదే రేడియో బతికాడంటే అబద్ధం కాదు.

తర్వాత ఆయన మోకాళ్ళు మొరాయించాయి, పని మానేశాడు. ఓనరు ఆ మిషను అమ్మేశాడు. నేలలో నాలుగు బోల్టు గుంటలు మిగిలాయి. గదిలో మిగిలింది బాయిలరు గొణుగుడు. రేడియో కొన్నాళ్ళు కోట్లతో మాట్లాడాడు. "నీ ఓనరుకి పొట్ట పెరిగిందే, గుండీ దగ్గర గుడ్డ చూడు ఎలా లాగిందో," అని. కోట్లు ఊ కొట్టవు కదా.

అప్పుడు ఆదుకున్నవాడు అన్నకొడుకు. వాడు కాలేజీని వదిలాడో, కాలేజీయే వాణ్ణి వదిలిందో ఇంట్లో ఇంకా తేలలేదు. ఒక్కచోట కుదురుగా కూర్చోడు, నోటికొచ్చింది మొహం మీదే అనేస్తాడు. అలాంటివాడు ఓ మధ్యాహ్నం షాపుకొచ్చి, మూల పగిలిన తన పాత ఫోను బాబాయి చేతిలో పెట్టి, ఒక్క చెవికే ఇయర్‌ఫోను తగిలించాడు. రెండో చెవి బాయిలరుకి వదిలేయాలి. ఆవిరి ఎక్కువైతే అది ఈల వేస్తుంది, అది వినపడకపోతే గది ఎగిరిపోతుంది.

"ఇదిగో బాబాయి, ఇక్కడ నొక్కితే రాసిందంతా చదివి పెడుతుంది. ఇక్కడైతే చూడొచ్చు. ఇక్కడైతే ఊరికే వింటే చాలు. ఇక మీకు లోకంలో తెలియనిదంటూ ఉండదు."

నిజంగానే లోకం ఆ ఒక్క చెవిలోంచి లోపలికొచ్చింది. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని వచ్చింది. పగిలిన కప్పు ముక్కల్ని ఒక్క మాట మాట్లాడకుండా గంటసేపు అతికించే మనిషి వీడియో వచ్చింది. ఆవులింత పక్కవాడికెందుకు అంటుకుంటుందన్న వ్యాసాన్ని ఫోను మరబొమ్మ గొంతుతో చదివి పెడితే, ఈయన ఆ పూటంతా ఆవులిస్తూనే కోట్లు మడిచాడు.

విన్నది కడుపులో దాచుకునే మనిషైతే రేడియో ఎందుకవుతాడు? చెప్పాలి. కానీ ఎదుట మనిషి లేడు. అందుకని శనివారం పని అయ్యాక, ఆ వెనక గదిలోనే కూర్చుని, వారమంతా చదివించుకున్నవీ చూసినవీ విన్నవీ ఒక వాయిస్ మెసేజీగా చెప్పి, చుట్టాల గ్రూపులో పెట్టడం మొదలుపెట్టాడు. భార్య, కూతురు, అల్లుడు, అన్న, వదిన, వాళ్ళబ్బాయి, చెల్లెలి కుటుంబం, ఎదురు మిషనాయన, అందరూ ఆ గ్రూపులో ఉన్నారు. "ఈ వారం మూట విప్పుతున్నా" అని మొదలయ్యేది. "మరి మీరేమంటారు?" అని ముగిసేది.

నిజం చెప్పుకోవాలంటే ఆ మూటలు అంత గొప్పవేమీ కావు. ఆక్టోపస్ దగ్గర ఎత్తుకుని ఓనరు పిసినారితనం దగ్గర తేలేవాడు. పోయిన నెల చెప్పిందే కొత్తగా మళ్ళీ చెప్పేవాడు. చీమల గురించి విన్నది గబ్బిలాలకి అంటగట్టేవాడు. "ఈదేటప్పుడు ఆక్టోపస్ ఒక గుండెకి విశ్రాంతినిస్తుందట. మా ఆవిడకి ఉన్నది ఒక్కటే, దానికీ విశ్రాంతి లేదు," లాంటిది ఎప్పుడో ఒకటి మెరిసేది. మిగతాదంతా దారి తప్పిన నడక.

కానీ ఆదివారం పొద్దున్నే ఫోను తెరిస్తే జవాబులుండేవి. మెసేజీ విన్నవాళ్ళ పేరు పక్కన చిన్న మైకు బొమ్మ నీలం రంగులోకి తిరుగుతుందని అన్నకొడుకే చెప్పాడు. అందరి పక్కనా నీలం. చెల్లెలు ఒకసారి రాసింది: "అన్నయ్యా, మూడు గుండెలున్న దానికి ఎంత ధైర్యముంటుందో. నాకున్న ఒక్కటీ దడదడమంటోంది." ఆ మాట ఓనరుకి చూపించాడు, టీ కొట్టులో చూపించాడు, తీసేయకుండా దాచుకున్నాడు. నీలం రంగు ఆయనకు ఊ కింద లెక్క.

ఇక ఈ వారం సంగతి.

ఈ వారం ఆయనకు నచ్చింది ఒకటే. వాడకంలోంచి పోతున్న మిషన్ల చప్పుళ్ళని ఊరూరా తిరిగి రికార్డు చేసుకునే ఒకతనితో ముఖాముఖి. టైపు మిషను, చేతి పంపు, పాత కుట్టుమిషను. విన్నప్పటి నుంచి రేడియోకి ఎదురు మిషనే గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం ఆ సంగతి చెబుదామని ఫోనులో రికార్డు నొక్కి, చెయ్యి తీసినా ఆగకుండా తాళం గుర్తు లాగి, అలమర మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. అంతలో ముందు గదిలోంచి ఓనరు పరుగెత్తుకొచ్చాడు.

"రేడియో, ఈ కోటు పొద్దున్నే విమానం ఎక్కాలయ్యా. వెనక మడత చూడు, కుక్క నమిలినట్టుంది."

కోటు తీసుకున్నాడు, పెడలు తొక్కాడు, చేతులు, కాలరు, వెనక చీలిక. మధ్యలో బాయిలరు అలిగితే ఓనరు దాన్ని తిట్టాడు. పనయ్యేసరికి ఇరవై నిమిషాల పైచిలుకు. ఫోను చేతిలోకి తీసుకుని రద్దు చేయబోయి, తడిచేత్తో పంపే గుర్తు నొక్కాడు. అది పోయిందో లేదో చూసేలోపే ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది. సరే, పొద్దున మళ్ళీ చెబుదాంలే అనుకుని ఇంటికొచ్చి ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున ఫోను తెరిస్తే అందరి పక్కనా నీలం. జవాబుల వరస.

"అద్భుతం."

"మాటల్లేవు బాబాయ్."

ఒక్క క్షణం ఆయన గుండె గాల్లో తేలింది. మాటల్లేవు! నిజంగానే ఆ మెసేజీలో మాటల్లేవు. అంటే విన్నారు. ఆవిరి చప్పుడు విన్నారు, నేను చెప్పకుండానే ఆ చప్పుళ్ళు ఏరుకునేవాడి సంగతి వీళ్ళకి తెలిసిపోయింది, నా వాళ్ళు నా వాళ్ళే, అనుకున్నాడు. తర్వాత కిందికి జరిపాడు.

"తాబేలు కళ్ళముందు కదిలింది మావయ్యా," అల్లుడు.

"చివర్లో ఏడుపాగలేదు అన్నయ్యా," చెల్లెలు, రెండు ఏడుపు బొమ్మలు.

"లైట్‌హౌస్ కాపలాదారు లాంటి మనుషులు ఇప్పుడెక్కడున్నారు?" వదిన.

అన్నిటికంటే కింద ఎదురు మిషనాయన: "బాగా చెప్పావు తమ్ముడూ. తాబేలు మనసులో ఉండిపోయింది."

రేడియో తన మెసేజీ తనే పెట్టుకున్నాడు. ఎక్కడో తాబేలు అనే ఉంటాననుకుని, ఇరవై నిమిషాలూ ఫోనుకి చెవి ఆనించి, ఆవిరిలో తాబేలు కోసం వెతికాడు. దొరకలేదు. లేచి టీ కొట్టుకి పోయాడు. అక్కడ అన్నగారు పేపరు చదువుతున్నాడు.

"ఏరా రేడియో, ఈసారి దుమ్ము దులిపేశావు!"

"ఏం దులిపానన్నయ్యా?"

"అదేరా, తాబేలు."

"తాబేలు ఏం చేసింది?"

"నన్నడుగుతావేంట్రా, చెప్పింది నువ్వైతే!"

"నీ నోట వినాలనుంది. చెప్పు."

అన్నగారు గ్లాసు అడుగున ఏదో పడ్డట్టు లోపలికి చూశాడు. "ఆ లైట్‌హౌస్ ఉంది కదా. దాని దగ్గర తాబేలు. ముసలిది. అంతేగా? చివర్లో మాత్రం మరీ దిగులేసిందిరా. మీ వదిన రాత్రి సరిగా తినలేదు కూడా."

ఆ అన్న అబద్ధం ఆడితే కుడి చెవి గోక్కుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. అప్పుడు కూడా గోక్కుంటున్నాడు. ఎందుకాడుతున్నాడో మాత్రం రేడియోకి అంతు చిక్కలేదు. ఆ చిక్కు విప్పుకుంటూనే ఇంటికొచ్చి, వెనక మెట్టు మీద ఒక చెప్పు విప్పాడు. చిక్కు అక్కడే విడిపోయింది.

రెండో చెప్పుతోనే లోపలికి వెళ్ళాడు.

"చెప్పుతో వచ్చారేంటి?" అంది భార్య, అలవాటు కొద్దీ. ఆయన ముఖం చూసి తర్వాతి మాట మింగేసింది.

"ఈ వంతు ఎన్నాళ్ళ నుంచి?"

"నాన్నా, నీ మనసు నొచ్చుకోకూడదనే..." కూతురు లేచి దగ్గరికొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచని అడిగాను."

"రెండేళ్ళు. కొంచెం అటూ ఇటూ."

రెండేళ్ళు! అంటే మూడు గుండెల మాట దాకా వెళ్తుంది. చెల్లెలు రాసిన ఆ మాట ఆక్టోపస్ గురించి విని రాసిందా, ఎవరో పెట్టిన ఒక్క ముక్క చూసి రాసిందా? అడిగితే చెబుతారు. కానీ ఇప్పుడు వీళ్ళు చెప్పేదాన్ని నమ్మేదెట్లా? దాచుకున్న మాట చేతిలోనే చెల్లని నోటైపోయింది.

"వినకుండా నీలం ఎలా అయిందే?"

"నొక్కి, గొంతు తగ్గించి, పక్కన పెట్టేస్తాం నాన్నా. అదే అయిపోతుంది."

"మాయ చేస్తే చేశారు, దానికి వంతులు కూడానా? అంత పద్ధతిగానా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగుంటే బాగుండేదని అందరికీ అనిపించింది. భార్య వైపు తిరిగాడు. "నువ్వు కూడానా?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తల దించుకోలేదు. "షాపులో కూర్చుని ఫోనుకి చెప్పొస్తారు. ఇంటికొచ్చి అలిసిపోయానని మంచమెక్కుతారు. ఇన్నేళ్ళలో ఎదురుగా కూర్చుని ఒక్కటంటే ఒక్కటి నాకు చెప్పారా? పక్కన పడుకునే మనిషిని నేను కూడా ఫోనులోనే వినాలా?"

అది నిజమే. కానీ ఆ పూట ఆ నిజం ఆయనకు ఎందుకూ పనికి రాలేదు.

"సరే. మీరంటే ఇంట్లోవాళ్ళు, నా గోల ఎలాగూ భరిస్తారు. ఎదురు మిషనాయన? ఆయన పెట్టుకుని విని ఉంటే మొదటి బుస్సుకే తెలిసేది, అది మా ప్రెస్సని. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడు పక్కన నిలబడ్డ మనిషి. ఆయన తాబేలంటాడేంటి?"

కూతురు అన్నకొడుకు వైపు చూసింది. వాడు గోడ వైపు చూశాడు.

"ఆయన్ని ఎవరు చేర్చారు మీ వంతులోకి?"

"ఎవరూ చేర్చలేదు బాబాయి," అన్నాడు అన్నకొడుకు. దాచడం వాడికి చేతకాదు. "సంగతి తెలిసి ఆయనే ఫోను చేశాడు. ఇరవై ఏళ్ళు విన్నాను, నన్ను కూడా కలుపుకోండమ్మా అని."

రేడియో కుర్చీలో కూలబడ్డాడు. వంగి రెండో చెప్పు విప్పి, చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. అవతలి ప్రెస్సు దగ్గర ఆవిరి లేచినప్పుడల్లా వినపడిన ఆ ఊలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చి అడుగుతున్నాయి, నేను నిజమేనా, నేను నిజమేనా అని. ఎవరికని జవాబు చెబుతాడు?

"ఇంకొకటి కూడా చెప్పేస్తాను," అన్నాడు అన్నకొడుకు.

"నోర్ముయ్‌రా," అంది భార్య.

"చెప్పనీ."

"మీ మూట బోరు బాబాయి. మొదట్లో బాగుండేది, నేను మొత్తం వినేవాణ్ణి. ఒకసారి ఆక్టోపస్ బాగుందని అందరూ రాసేసరికి, ఇక ప్రతివారం ఏదో ఒక జంతువు. చీమ అయింది, గబ్బిలం అయింది, ఒంటె అయింది. ఈసారి తాబేలొస్తుందని లెక్కేసి రాసేశాను. మీరు ఆవిరి పంపుతారని కలగన్నానా?"

"మీకు జంతువులంటే ఇష్టమనుకున్నానురా," అన్నాడు రేడియో, చేతిలో చెప్పు వైపు చూస్తూ. "నాకు మిషన్లంటే ఇష్టం. మీకోసమని జంతువులు వెతుక్కున్నాను." తలెత్తి, "బోరైతే బోరని అనొచ్చుగా? నీకు భయమా, మొహమాటమా? ఊళ్ళో అందరి మొహం మీదా అంటావు. నా దగ్గరే ఎందుకురా మంచివాడివైపోయావు?"

వాడు ఫోను తీసి, వంతుల ముక్కలు రాసుకునే ఆ రెండో గ్రూపు చూపించబోతే, రేడియో వద్దన్నాడు. తను నోరు నొప్పి పుట్టేలా చెప్పినవన్నీ అక్కడ ఎన్నెన్ని మాటలకి కుదించి పెట్టారో చూసే ఓపిక ఆయనకు లేదు. చుట్టాల గ్రూపులోంచి బయటికొచ్చేద్దామనుకున్నాడు. ఎలాగో తెలియదు. అది కూడా వాణ్ణే అడగాలి. అడగలేదు.

ఆ వారం వెనక గదిలో రేడియో మోగలేదు. ఇయర్‌ఫోను జేబులోనే ఉండిపోయింది. రెండు చెవులూ బాయిలరుకే ఇచ్చాడు.

"ఏమయ్యా, స్టేషను పట్టట్లేదా?" అన్నాడు ఓనరు.

"సిగ్నలు లేదు."

ఒక నల్లకోటు మీద తడిగుడ్డ వేయడం మర్చిపోయి పెడలు తొక్కాడు. వేడి నేరుగా తగిలి, భుజం మీద అరచేతంత మెరుపు తేలింది. పనిలో చేరిన కొత్తలో తప్ప ఆయన చేత్తో అలాంటిది జరగలేదు. బ్రష్షుతో గీకి, ఆవిరి పట్టి, ఎలాగో మెరుపు తగ్గించాడు, పూర్తిగా పోలేదు.

ఫోనులో క్షమాపణలు కుప్పలు పడ్డాయి. వదిన రాసింది, అల్లుడు రాశాడు. చెల్లెలు ఆరు నిమిషాల వాయిస్ మెసేజీ పంపింది. దాన్ని నొక్కలేదు. నీలం కాకుండా అలాగే ఉంచాడు. ఆవిడ చూసుకుంటుందని తెలుసు, చూసుకోవాలనే ఉంచాడు. ఎదురు మిషనాయన దగ్గర నుంచి మాత్రం ఏమీ రాలేదు. బహుశా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ మనిషి ఇంకా తాబేలు చాలా బాగుందనుకుంటూ కూర్చుని ఉండాలి.

మధ్యలో ఓ సాయంత్రం భార్య మంచానికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏదన్నా చెప్పండి."

"ఏముంది చెప్పడానికి?"

"ఏదైనా. ఆ కప్పు అతికించేవాడి సంగతి..."

"అది నీకెలా తెలుసు?" అన్నాడు. "ఎవరి వంతులో తెలిసింది?"

ఆవిడ లేచి, కుర్చీ దాని చోట పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఆయనకు బాధేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

శనివారం సాయంత్రం అన్నకొడుకు షాపుకొచ్చాడు. ఉతికిన పరదాల మూటొకటి ఎదురు మిషను చోట, ఆ బోల్టు గుంటల మీద పడి ఉంది. దాని మీద కూర్చున్నాడు. రేడియో చూశాడు, పలకరించలేదు. ఒక ప్యాంటు గీత సరిచేసి పెడలు తొక్కాడు.

"నాతో మాట్లాడరా?"

"పనిలో ఉన్నాను."

"నేను విన్నాను బాబాయి. ఆ ఆవిరి మొత్తం. బుధవారం పెట్టుకున్నాను."

రేడియో పై దవడ లేపి, ప్యాంటు తిప్పి వేశాడు. "ఏముంది అందులో?"

పరీక్ష అని వాడికి తెలిసింది. "ఓనరు బాయిలర్ని తిట్టాడు. తిట్టు చెప్పమంటారా?"

"అక్కర్లేదు. అది రోజూ తిట్టేదే. ఇంకా?"

"కోటు ఎవరిదోగానీ దాని జేబులో చిల్లర ఉంది, గలగలమంది. మీరు రెండుసార్లు దగ్గారు. ఆఖర్న ఒకచోట ఊ అన్నారు."

"ఎవరితో?"

"ఏమో. గదిలో ఇంకెవరూ ఉన్నట్టు లేదు. మిషను బుస్సుమంది, మీరు ఊ అన్నారు."

రేడియో చెయ్యి తడిగుడ్డ మీద ఆగింది. తాబేలు కోసం వెతికే హడావుడిలో ఆయనకు తన ఊ తనకే వినపడలేదు.

"ఇప్పుడు విని ఏం లాభంరా," అన్నాడు చివరికి. "పాచిపోయాక రుచి చూసినట్టు."

"ఈ వారం మూట పెట్టండి బాబాయి. అందరం వింటాం. ఒట్టు."

"ఒట్టేసి వినేదాన్ని వినడమంటార్రా? నా మూట అయిపోయింది. ఇక విప్పను." ప్యాంటు తీసి హ్యాంగరుకి తగిలించాడు. ఇంకొకటి పరిచాడు. "నాకు నువ్వొక పని చేసి పెట్టాలి."

"చెప్పండి. ఏదైనా చేస్తా."

"ఆ తాబేలు సంగతి చెప్పు."

వాడు తెల్లబోయాడు. "అలాంటిదేం లేదు బాబాయి. ముసలి తాబేలు, లైట్‌హౌస్ కాపలాదారు, చివర్లో ఏడుపొస్తుంది, అంతే రాశాను. నాకే తెలీదు మిగతాది."

"లేదని నాకూ తెలుసు. కానీ మా చెల్లి ఏడ్చింది. మీ అమ్మ తిండి సరిగా తినలేదు. నా పాత స్నేహితుడికి మనసులో ఉండిపోయింది. మూట నా పేరు మీద పోయింది, అందులో సరుకేంటో నాకు తెలియొద్దూ?"

"ఇప్పటికిప్పుడు ఎలా..."

"అప్పుడు ఎలా వచ్చిందో అలాగే." రేడియో జేబులోంచి ఇయర్‌ఫోను తీసి అలమర మీద పడేశాడు. "ఈ చెవి బాయిలరుది. ఇది ఖాళీగా ఉంది. నువ్వు చెప్పేదాంట్లో ఒక్క ముక్క నమ్మను. నిన్నిక నమ్ముతానో లేదో కూడా తెలియదు. కానీ చివరిదాకా వింటాను, మధ్యలో పక్కన పెట్టను. ఆ తాబేలు లైట్‌హౌస్ దగ్గరికి ఎందుకొచ్చింది, అక్కడ మొదలుపెట్టు. ఆఖర్న మనిషన్నవాడు ఎందుకేడవాలో అక్కడిదాకా చెప్పు. తొందరపడి ముగించావో, మళ్ళీ మొదటి నుంచి చెప్పిస్తాను."

కుడికాలు పెడలు మీద పెట్టాడు.

"కానీయ్. నేను ఊ కొడుతుంటా."